సీట్లలో బంగాళాదుంపల బస్తాలు

2012 డిసెంబరులో బోయింగ్ సంస్థ కొన్ని ఫొటోలు విడుదల చేసింది. సేవ నుంచి తప్పించిన విమానం, వరసగా సీట్లు, సీట్ల నిండా మనుషులకు బదులు బంగాళాదుంపల బస్తాలు! మొత్తం 20,000 పౌండ్లు, అంటే దాదాపు 9 టన్నులు. చాలామంది దీన్ని వింత వార్తగా చదివి మరిచిపోయారు. నాకు మాత్రం విమానాల్లో వై-ఫై చరిత్రలో ఇంతకంటే ముచ్చటైన ప్రయోగం కనబడలేదు.

ప్రయాణికుల రేడియో పరికరాల మీద అనుమానం అంతకు చాలా ముందే మొదలైంది. జేబు రేడియోలు వచ్చిన రోజుల్లో కొందరు వాటిని విమానంలోకీ తెచ్చుకునేవారు. పాటలు వినే పరికరంతో ప్రమాదమేముంది అనిపిస్తుంది. కానీ ఎఫ్‌ఎం రేడియో ఏదైనా స్టేషన్‌ను పట్టుకోవడానికి తనలోనే మరో తరంగాన్ని పుట్టిస్తుంది. దాని ఫ్రీక్వెన్సీ సాధారణంగా స్టేషన్ ఫ్రీక్వెన్సీకన్నా 10.7 మెగాహెర్ట్జ్ ఎక్కువ. 104 దగ్గర పాట వింటుంటే 114.7 దగ్గర తరంగం బయటికి కారుతుందన్నమాట. పైలట్‌కు దారి చూపే వీఓఆర్ సంకేతాలు ఉండేది 108, 118 మెగాహెర్ట్జ్‌ల మధ్యనే. అందుకే 1961లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ విమానాల్లో ఎఫ్‌ఎం రేడియోలను నిషేధించింది. లెక్కకు నిలిచిన నిషేధమది.

వై-ఫై వచ్చేసరికి లెక్క జటిలమైంది. విమానం లోపల తరంగాలు తిన్నగా పోవు. లోహపు గోడలకు తగిలి వెనక్కి వస్తాయి, మళ్లీ తగులుతాయి, కిటికీల్లోంచి కొంత జారిపోతాయి. ఇలా అన్ని దిక్కుల నుంచీ వచ్చినవి కలిసిన చోట ఒక దగ్గర సిగ్నల్ బలపడుతుంది, పక్కనే దాదాపు మాయమవుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే కాబట్టి ఫోన్‌ను ఆరు సెంటీమీటర్లు జరిపినా సిగ్నల్ మారిపోవచ్చు. ఒక్కచోట కొలిచి సరిపెట్టుకోవడం కుదరదు.

పైగా ఖాళీ విమానంలో కొలిచింది నిండు విమానానికి పనికిరాదు. ఖాళీ కల్యాణమండపంలో మాట మారుమోగుతుంది, పెళ్లిజనం నిండాక ఆ మోత అణిగిపోతుంది. విమానంలోనూ అంతే. మన ఒంట్లోని నీరు, లవణాలు తరంగాల శక్తిని పీల్చుకుంటాయి. మనుషుల్నే కూర్చోబెట్టి కొలుద్దామంటే రోజుల తరబడి కదలకుండా ఎవరు కూర్చుంటారు? కాస్త పక్కకు ఒరిగినా కొలత మారుతుంది. బంగాళాదుంపలో దాదాపు ఐదింట నాలుగు వంతులు నీరే. రేడియో తరంగాల ముందు అది మన శరీరంలాగే ప్రవర్తిస్తుంది, పైగా కదలదు, విసుక్కోదు. ఈ బస్తాల సాయంతో సరిచూసుకున్న గణాంక పద్ధతి వల్ల, రెండు వారాలు దాటి సాగే పరీక్ష 10 గంటలకు తగ్గిందని బోయింగ్ ప్రకటించింది.

ఇలాంటి పరీక్షలో చూసేవి రెండు: ప్రతి సీటుకూ సిగ్నల్ అందాలి, కాక్‌పిట్‌లోని పరికరాలకు మాత్రం సోకకూడదు. ఈ రెండో షరతు ఉత్తుత్తిది కాదు. బోయింగ్ 737, 777 విమానాల్లోని ఒక రకం కాక్‌పిట్ తెరలు బలమైన వై-ఫై తరంగాలకు ఆరిపోయే అవకాశముందని పరీక్షల్లో తేలడంతో, వాటిని మార్చాలని 2014లో ఎఫ్‌ఏఏ ఆదేశించింది. అంతకు ముందు ఏడాదే, ఫ్లైట్ మోడ్‌లో ఉంచిన ఫోన్లు, ట్యాబ్‌లను ప్రయాణమంతా వాడుకోవచ్చని అనుమతించిన సంస్థ కూడా అదే. కొలిచి చూశాకే తలుపు తెరవడమూ, కొలతలో తేడా వస్తే మరమ్మతు చేయించడమూ సరైన పద్ధతి అని నా నమ్మకం.

మన దేశంలో 2018లో వచ్చిన నిబంధనలు 3,000 మీటర్ల ఎత్తు దాటాకే విమానంలో ఇంటర్నెట్‌కు వీలిచ్చాయి. అంత ఎత్తున కూడా ఫ్లైట్ మోడ్ ఎందుకంటే, అది పెట్టని ఫోన్ ఎక్కడో నేల మీదున్న టవర్ కోసం తన శక్తినంతా కూడదీసి వెతుకుతుంది. వై-ఫై పరికరం క్యాబిన్‌లోనే, కొద్ది మీటర్ల దూరంలో ఉంటుంది కనుక తక్కువ శక్తి చాలు. కాబట్టి ఈసారి విమానమెక్కినప్పుడు ముందు ఫ్లైట్ మోడ్ పెట్టండి, సిబ్బంది అనుమతించాక వై-ఫై ఒక్కటే తెరవండి.