జీరో డే

బ్రౌజర్లలోనో విండోస్‌లోనో ‘జీరో డే’ లోపం బయటపడిందన్న వార్తలు తరచూ వస్తున్నాయి. తయారీ సంస్థ సవరణ విడుదల చేయకముందే దాడి చేసేవాళ్లకు చిక్కిన లోపమే జీరో డే. సరిదిద్దుకోవడానికి సంస్థకు ఒక్కరోజు గడువు కూడా లేదని ఆ పేరుకు అర్థం. పాతకాలపు యాంటీవైరస్ ప్రతి ఫైలునూ తెలిసిన వైరస్‌ల ఆనవాళ్లతో పోల్చి చూసేది. జాబితాలో లేని కొత్త దాడి దాని కంటపడదు. అందుకే ఇప్పటివి ప్రోగ్రాముల నడవడిక మీదా కన్నేసి ఉంచుతాయి: ఉన్నట్టుండి వందల ఫైళ్లకు తాళం వేయబోయే ప్రోగ్రామును మధ్యలోనే ఆపడానికి చూస్తాయి. అయినా పూర్తి హామీ ఏదీ ఇవ్వలేదు.

అలాంటప్పుడు ఇంటి కంప్యూటరుకు యాంటీవైరస్ దండగేనా అంటే, కాదు. మామూలు ఇళ్లకు జీరో డే కన్నా పెద్ద బెడద, సవరణ వచ్చినా పూడ్చకుండా వదిలేసిన పాత కన్నాలు, నకిలీ ఫైళ్లు. 2017 మేలో ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లను సైతం తాకిన వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సవరణ ఇచ్చింది! కాబట్టి అప్‌డేట్లదే మొదటి స్థానం. వాటికి తోడు విండోస్‌తో ఉచితంగా వచ్చే డిఫెండర్ చాలా ఇళ్లకు సరిపోతుంది. కొనాలనుకుంటే ఏవీ-టెస్ట్, ఏవీ-కంపారెటివ్స్ వంటి స్వతంత్ర పరీక్షల్లో ఎన్ని వైరస్‌లను పట్టిందో, ఎన్ని తప్పుడు హెచ్చరికలు ఇచ్చిందో రెండూ చూడాలి. ఒకేసారి రెండు యాంటీవైరస్‌లు నడిపితే ఒకదానికొకటి అడ్డుపడతాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సవరణలు అందని విండోస్ 10 కంప్యూటర్లో ఎంత ఖరీదైన యాంటీవైరస్ పెట్టినా, విండోస్‌లోని కన్నాన్ని అది పూడ్చలేదు.