ట్రౌటు చేప - ఈకల గాలము

గాలము అనగానే మన విద్యార్థులకు వెదురుకఱ్ఱయు, దారమును, కొక్కెమునకు గ్రుచ్చిన వానపామును జ్ఞప్తికి వచ్చును. కన్నడమున దీనినే ‘గాళ’ అందురు. రెండు భాషలలోను పేరు ఇంచుమించుగా ఒక్కటే. కాని వానపాము లేకయే, పక్షి యీకలతో చేపను పట్టు విద్య యొకటి కలదు. శీతలదేశములలో వసంతకాలమున ట్రౌటు అను చేపను ఇట్లే పట్టుదురు. ఆ విధమును ఇచట వివరించెదము.

ట్రౌటు వడిగా పారు చల్లని తేట నీటిలో జీవించును. చలికాలమున మందముగా నుండి, వసంతమున నీరు కొంచెము వెచ్చబడగానే చుఱుకుగా మేత వెదకును. ఆ దినములలోనే ఏటి అడుగున పురుగులుగా పెరిగిన సన్నని యీగలు రెక్కలు వచ్చి పైకి లేచును. వానిని మ్రింగుటకు చేప నీటిపైకి వచ్చును. వేటగాడు చిన్న కొక్కెమునకు ఈకలు, ఉన్ని, పట్టుదారము చుట్టి ఆ యీగవంటి బొమ్మను చేయును. ఈ బొమ్మకు బరువు లేదు గనుక విసరినను దూరము పోదు. అందువలన త్రాటినే కొంత బరువుగా చేసి, పొడవైన సన్నని బెత్తముతో కొరడావలె వెనుకకు ముందుకు ఆడించి వదలుదురు. బొమ్మ యీగ నీటిపై మెల్లగా వాలవలెను. అలజడి యైనచో చేప బెదరి పోవును. మాసిడోనియా ప్రజలు ఎఱ్ఱని ఉన్నితోను, ఈకలతోను ఇట్లు చేపలు పట్టుటను ఈలియన్ అను గ్రంథకర్త సుమారు 1800 ఏండ్లకు పూర్వమే వర్ణించెను.

ట్రౌటు మన దేశపు చేప కాదు. 1900లో స్కాట్లండు నుండి తెచ్చిన గ్రుడ్లతో కాశ్మీరమున దాని పెంపకము సాగెను. 20వ శతాబ్ది ఆరంభమున నీలగిరుల ఏళ్లలోను అది నెలకొనెను. మఱి మన సీమలో ఏల నిలువదు? చల్లని నీటిలో ప్రాణవాయువు హెచ్చుగా కరగియుండును. 10 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాములు ఇముడును. 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు మించదు. వెచ్చని నీటిలో ట్రౌటునకు ఊపిరి చాలదు.

కోలారు జిల్లాలో ఏడాది పొడవున పారు నది లేదు. మనకున్నవి వానకు నిండి, ఎండకు తగ్గు చెరువులు. ఇట్టి నీటికి తగిన చేప కొరమీను. దాని మొప్పల పైభాగమున గాలిని నిలుపుకొను అఱలు కలవు. అది మాటిమాటికి పైకి వచ్చి గాలి పీల్చుకొనును. అందుచే వేసవిలో మిగిలిన కొద్దిపాటి మడుగులోను బ్రతుకగలదు.

గాలపు వేటయు మన ప్రాంతములకు క్రొత్త కాదు. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు ‘మానసోల్లాస’మను సంస్కృత గ్రంథమున చేపల వేటను రాజవినోదములలో ఒకటిగా వర్ణించెను. మదరాసు ప్రభుత్వోద్యోగి హెచ్. ఎస్. టామస్ 1887లో చెరువులలో గాలము వేయుటను గూర్చియే ఒక పుస్తకము వ్రాసెను.

కాశ్మీరమున ట్రౌటు గ్రుడ్లు పెట్టు చలికాలమున వేటను నిలిపివేయుదురు. ఈ నియమము మనకును అవసరము. వానకాలమున చెరువు అంచున, నాచు నడుమ, ఎఱ్ఱని చిఱుచేపలు గుంపుగా కదలుచుండుట మన పిల్లలు చూచియుందురు. అవి కొరమీను పిల్లలు. వాని చెంతనే పెద్దచేపలు కావలి కాయుచుండును. అప్పుడు ఎదుట ఏది కదలినను వైరి యని తలచి పైబడి కఱచును గనుక, సులభముగా గాలమునకు చిక్కును. దీనిలో వేటగాని నేర్పేమియు లేదు. కావలి పోయిన పిల్లలను ఇతర చేపలు మ్రింగివేయును. ఒక్క చేప చేతికి వచ్చినను, వందల పిల్లలు నశించును.

కావున ఎఱ్ఱని గుంపు కనబడినచోట గాలము వేయవలదని విద్యార్థులను కోరుచున్నాము. తల్లిదండ్రులును ఇంటివద్ద ఈ మాట చెప్పుదురు గాక. ఆ గుంపు పెద్దదై చెదరినపిమ్మట అదే చెరువున గాలము వేయవచ్చును.