ధాత్రీవృక్షానికి తోడు కావాలి

ఉసిరికకు సంస్కృతంలో ఆమలకి, ధాత్రి అని పేర్లు. ధాత్రి అంటే తల్లి, దాది. చరకాచార్యులు దీనిని వయఃస్థాపన ద్రవ్యాలలో చేర్చారు. త్రిఫలాలలో ఇది ఒకటి. చ్యవనప్రాశకు ఇదే ఆధారం. లవణం తప్ప తక్కిన ఐదు రసాలూ దీనిలో ఉన్నాయని గురుకులంలో మేము వల్లె వేసేవారము. కమలాఫలంలో కంటే అనేక రెట్లు ‘సి’ విటమిను ఇందులో ఉన్నదని ఆధునికులూ అంగీకరించారు.

ఇంతటి చెట్టును కొందరు గృహస్థులు గొడ్డుచెట్టని నరికించడం నాకు ఎంతో బాధాకరం. “పదేళ్లయింది, పూత వస్తుంది గాని కాయ నిలవదు. కొట్టించేద్దామా అండీ?” అని నా వద్దకు వచ్చే రోగులు తరచు అడుగుతుంటారు. వద్దని చెబుతాను. చాలా సందర్భాలలో లోపం చెట్టుది కాదు; దానికి తోడు లేదు.

కాయ నిలవకపోవడానికి కారణం

ఒకే కొమ్మపై మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. ఆడపూలు బహు తక్కువ. పైగా పెక్కు రకాలలో తన పుప్పొడితో తనకు కాయ సరిగా కట్టదు. సమీపంలో వేరొక రకం ఉంటే తేనెటీగలు, గాలి ఆ పని నెరవేరుస్తాయి. కనుక చకయ్య, కృష్ణ, కాంచన్, ఎన్.ఏ.-7 వంటి రకాలలో రెండింటిని ఎన్నుకొని నాటాలి. స్థలం చాలనివారు ఉన్న చెట్టు కొమ్మకే అనుభవజ్ఞుని చేత మరో రకాన్ని అంటు కట్టించవచ్చు. పొరుగింటివారితో మాట్లాడుకొని చెరొక రకం వేసుకోవడం మరీ మేలు.

నాటే విధానం

ఆషాఢ శ్రావణాలు అనుకూలం. మూడడుగుల గుంత తీసి, పైమట్టిలో చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. మొక్కల మధ్య 20 నుంచి 25 అడుగుల ఎడం ఉండాలి. అంటు కట్టిన చోటు మట్టిలో మునగరాదు. దాని దిగువన వచ్చే చిగుళ్లను తుంచివేయాలి. చవుడు నేలను కొంత ఓర్చుకుంటుంది గాని నీరు నిలిచే చోట బతకదు. లేత మొక్కకు వడగాలి నుండీ, మంచు నుండీ రక్షణ అవసరం. అంటుమొక్క మూడు నాలుగేళ్లకు కాపు మొదలుపెడుతుంది. గింజమొక్కకు అంతకంటే చాలా కాలం పడుతుంది.

వసంతంలో కట్టిన పిందె వేసవి అంతా ఎదుగుదల లేక నిద్రిస్తుంది. తొలకరితో ఊరడం ప్రారంభిస్తుంది. ఈ సంగతి తెలియక వైశాఖంలోనే నిరాశపడరాదు.

వాడుక

పండిన కాయలను గింజ తీసి నీడలో ఎండించి, చూర్ణం చేసి గాలి చొరని సీసాలో ఉంచుకోవాలి. పెద్దలు అర చెంచా చూర్ణం తేనెతో ఉదయం తీసుకోవచ్చు. మధుమేహానికి, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు తమ వైద్యుని అడిగిన తరువాతే ఆరంభించాలి. ఉసిరిక తింటున్నామని ఆ మందులు మానరాదు.

పెరట్లో కాయని ఉసిరిక ఉన్నవారు గొడ్డలి తీయవద్దు. ఈ వర్షాకాలంలో దాని పక్కన మరో రకం మొక్క నాటండి.