‘మక్ర్’ అనే పదం: ఉపాయశాలి ఎవరు, జిత్తులమారి ఎవరు?

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి, శుభాలు కలుగుగాక!

సోదరులారా! దివ్య ఖుర్‌ఆన్‌లో ఆలి ఇమ్రాన్ సూరా 54వ ఆయతు, అన్‌ఫాల్ సూరా 30వ ఆయతు అల్లాహ్‌ను ‘ఖైరుల్ మాకిరీన్’ అని పేర్కొన్నాయి. మన ఇళ్లలోని ఉర్దూలో ‘మక్కార్’ అంటే మోసగాడే. అందుచేత ఈ మాట విన్న కొందరి మనసు కలవరపడుతుంది. అరబీలో ‘మక్ర్’ అంటే ఎదుటివాని ఉద్దేశాన్ని ఉపాయంతో మళ్లించడం. అది మేలుకైతే మెచ్చదగినది, కీడుకైతే నిందింపదగినది అని ఇమామ్ రాగిబ్ అస్ఫహానీ వివరించారు. తెలుగులో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి: మొదటివాడు ఉపాయశాలి, రెండవవాడు జిత్తులమారి. అల్లాహ్ విషయంలో దీనికి దుష్టుల కుట్రను వమ్ము చేసే ఉత్తమ వ్యూహకర్త అని అర్థం. అయితే విడిగా ‘మాకిర్’ అని ఆయనకు పేరు పెట్టరాదు.

అన్‌ఫాల్ ఆయతు సందర్భం చూడండి. ప్రవక్త (స)ను బంధించాలా, వధించాలా, వెళ్లగొట్టాలా అని ఖురైషులు మంతనాలు జరిపారు. క్రీ.శ. 622లో ఆయన హజ్రత్ అలీ (రజి)ని తన పడకపై ఉంచి బయలుదేరారు. మదీనా ఉత్తరాన ఉండగా దక్షిణాన ఉన్న సౌర్ గుహలో మూడు రాత్రులు గడిపారు. అంతటి వ్యూహంలోనూ తమవద్ద శత్రువులు దాచుకున్న సొమ్మును వారికి అప్పగించే బాధ్యతను అలీ (రజి)కి ఒప్పగించారు. ఉపాయశాలికీ జిత్తులమారికీ తేడా ఇదే.

ఇప్పుడు మన భద్రాచలం మన్యానికి వద్దాం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. మనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అని పిలిచేది దీనినే. దీని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పేర బదిలీ కారాదు. అయినా కోయ సోదరుని పేర పట్టా ఉంచి పంట తాము తీసుకొనేవారు, అప్పు సాకుతో తెల్లకాగితంపై వేలిముద్ర వేయించుకొనేవారు ఉన్నారు. అటువంటివానిని లోకం ‘తెలివైనవాడు’ అంటుంది. ఖుర్‌ఆన్ భాషలో అది నింద్యమైన మక్ర్. దుష్టపన్నాగం పన్నినవారినే చుట్టుకొంటుందని ఫాతిర్ సూరా 43వ ఆయతు హెచ్చరిస్తున్నది. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని ప్రవక్త (స) తెలిపారు. వేలిముద్ర వేసినవానికి చదువు రాకపోవచ్చు, అతనిని సృష్టించినవానికి మాత్రం సమస్తమూ తెలుసు.

కనుక అటువంటి భూమి ఎవరివద్దనైనా ఉంటే, బ్రతికుండగానే హక్కుదారునికి అప్పగించాలి. నమాజు, రోజా దాని బాకీని తీర్చవు.

అల్లాహ్ మన తెలివిని మేలుకు వినియోగింపజేయుగాక! ఆమీన్.