డ్రోన్ బ్యాగ్ కొనేముందు నీళ్ళ బాటిల్‌ని తూకం వేయండి

"అన్నా, ట్రెక్కింగ్‌కి డ్రోన్ పట్టుకెళ్ళాలి, ఏ బ్యాగ్ కొనమంటావ్?" అని చాలామంది అడుగుతున్నారు. ఒక బ్రాండ్ పేరు చెప్పేసి, కింద లింక్ ఇచ్చేస్తే ఈ ఎపిసోడ్ రెండు నిమిషాల్లో అయిపోతుంది. కానీ నా బ్యాగ్ మీకు సరిపోతుందని గ్యారంటీ ఏంటి? మీ ఎత్తు వేరు, మీ డ్రోన్ వేరు, మీరు ఎక్కే కొండ వేరు. అందుకే ఎలా సెలెక్ట్ చేసుకోవాలో చెప్తాను. తర్వాత షాప్‌లో మీరే డిసైడ్ అవ్వొచ్చు.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసిన రోజుల్లో మా టీమ్‌లో ఒక మాట ఉండేది: రిక్వైర్‌మెంట్స్ రాయకుండా కోడ్ మొదలుపెట్టొద్దు. బ్యాగ్‌కి కూడా అంతే. ముందు ఒక కాగితం మీద లోపల ఏమేం పెడతారో రాయండి, పక్కనే బరువు వేయండి. వంటింట్లో చిన్న డిజిటల్ తూకం ఉంటే చాలు.

డీజేఐ మినీ 4 ప్రోతో లెక్క చూద్దాం. బ్యాటరీతో కలిపి డ్రోన్ 249 గ్రాములు. స్క్రీన్ ఉన్న కంట్రోలర్ సుమారు 420. ఎక్స్‌ట్రా బ్యాటరీలు రెండు, ఒక్కోటి దాదాపు 78. అంటే మొత్తం 825 గ్రాములు. కిలో కూడా కాలేదు! అదే మావిక్ 3 అయితే డ్రోన్ 895, బ్యాటరీ ఒక్కోటి 335. మామూలు కంట్రోలర్, రెండు ఎక్స్‌ట్రా బ్యాటరీలు కలుపుకుంటే దాదాపు 2 కిలోలు.

ఇప్పుడు నీళ్ళు. నడిచేటప్పుడు గంటకి సుమారు అర లీటరు అనుకుంటాం. మన ఎండల్లో ఇంకా ఎక్కువే పడుతుంది. ఐదు గంటల ట్రెక్ అంటే రెండున్నర లీటర్లు, అంటే రెండున్నర కిలోలు. చూశారా? మినీ సెట్ మొత్తం కన్నా నీళ్ళు మూడు రెట్లు బరువు. దీనికి తిండి ఒక అర కిలో, రెయిన్ జాకెట్, టార్చ్, ఫస్ట్ ఎయిడ్ కలిపి 700 గ్రాములు, పవర్ బ్యాంక్ 250 వేసుకోండి. టోటల్ 4.8 కిలోల దాకా వచ్చింది.

ఒక్కరోజు నడకకి బ్యాగ్ బరువు మన బరువులో పది శాతం దాటకుండా చూసుకోవాలని ట్రెక్కర్లు చెప్పే మాట. 60 కిలోల మనిషికి 6 కిలోలు. అంటే ఖాళీ బ్యాగ్‌కి మిగిలింది 1.2 కిలోలు మాత్రమే. కెమెరా బ్యాగ్ అని అమ్మేవాటిల్లో చాలావరకు గట్టి ప్యాడింగ్ ఉండి, ఖాళీగానే కిలోన్నర, రెండు కిలోలు తూగుతాయి. అదే 25 లీటర్ల మామూలు హైకింగ్ బ్యాగ్ కిలోకి అటూఇటూ ఉంటుంది.

ఇక్కడ అసలు ప్రమాదం ఏంటంటే, బరువు ఎక్కువైతే మనం ముందు తీసి పక్కన పెట్టేది నీళ్ళ బాటిల్‌నే. డ్రోన్ ఖరీదైంది, బాటిల్ ఇరవై రూపాయలది కదా అనిపిస్తుంది. పైకి వెళ్ళాక గొంతు ఎండిపోయి, తల తిరుగుతుంటే, అంచున నిలబడి కళ్ళు స్క్రీన్ మీద పెట్టడం ఎంత డేంజరో ఆలోచించండి. కింద షాప్ ఉంటుంది, పైన ఉండదు. అందుకే నా రూల్ ఇది: లిస్ట్‌లో నీళ్ళు మొదటి లైన్, డ్రోన్ ఆఖరి లైన్.

కాబట్టి నా సలహా: మినీ లాంటి చిన్న డ్రోన్ ఉన్నవాళ్ళు మంచి హైకింగ్ బ్యాగ్ కొని, లోపల ఒక ప్యాడింగ్ ఉన్న కెమెరా ఇన్సర్ట్, అంటే మెత్తటి డబ్బా లాంటిది, పెట్టుకోండి. ట్రెక్ లేని రోజు ఇన్సర్ట్ తీసేస్తే అదే ఆఫీస్ బ్యాగ్, అదే ఊరి బ్యాగ్. బస్టాండ్‌లో చూసేవాళ్ళకి కూడా లోపల డ్రోన్ ఉందని తెలియదు. మావిక్ సైజు డ్రోన్, దాంతోపాటు పెద్ద కెమెరా, లెన్సులు కూడా మోసేవాళ్ళకి మాత్రం కెమెరా బ్యాగ్ పనికొస్తుంది.

షాప్‌కి ఖాళీ చేతులతో వెళ్ళకండి. ఐదు లీటర్ బాటిళ్ళు నింపి పట్టుకెళ్ళి, బ్యాగ్‌లో పెట్టి, పది నిమిషాలు తిరగండి, మెట్లు ఎక్కి దిగండి. ఖాళీ బ్యాగ్ ఎవరికైనా హాయిగానే ఉంటుంది. తల వంచితే మెడ కింద ఒక ఎముక పొడుచుకొస్తుంది కదా, అక్కడి నుంచి నడుము ఎముక పై అంచు వరకు ఉన్న కొలతే మీ వీపు పొడవు. బ్యాగ్ దానికి సరిపోవాలి, మీ ఎత్తుకి కాదు. నడుము బెల్ట్ ఆ ఎముక మీద కూర్చుంటే బరువులో ఎక్కువ భాగం నడుము తీసుకుంటుంది, భుజాలు బతుకుతాయి. సన్నటి పట్టీ బెల్ట్ బ్యాగ్ ఊగకుండా ఆపుతుందంతే. బరువు మోయాలంటే బెల్ట్‌కి ప్యాడింగ్ ఉండాలి.

తర్వాత జిప్ ఎక్కడుంది చూడండి. పైనుంచి మాత్రమే తెరుచుకునే బ్యాగ్‌లో అడుగున డ్రోన్ పెడితే, తీయడానికి అన్నీ బయట పరచాలి. వీపు వైపు తెరుచుకునేదైతే రెండు లాభాలు. బురదలో బ్యాగ్ ముందు భాగం కిందకి పెట్టి తెరుస్తాం కాబట్టి మన వీపుకి తగిలే వైపు శుభ్రంగా ఉంటుంది. రద్దీ బస్సులో జిప్ మన వీపుకే ఆనుకుని ఉంటుంది కాబట్టి దొంగకి అందదు. బరువైనవి వీపుకి దగ్గరగా, మధ్య ఎత్తులో సర్దండి. నీళ్ళు మాత్రం బయటి సైడ్ పాకెట్స్‌లోనే పెట్టండి, డ్రోన్ పక్కన వద్దు.

వర్షం సంగతి. రెయిన్ కవర్ వీపు వైపు కప్పదు. అటునుంచి కారిన నీళ్ళు కవర్ అడుగున చేరతాయి. అందుకని డ్రోన్ ఇన్సర్ట్‌ని లోపల ఒక డ్రై బ్యాగ్‌లో పెట్టండి, అది లేకపోతే మందపాటి పాలిథిన్ కవర్ అయినా సరే. పాడేరు దగ్గర వంజంగిలో తెల్లవారుజామున మేఘాలు చూడటానికి వెళ్తే వాన లేకపోయినా మంచుకే బ్యాగ్ తడుస్తుంది. ఆ మంచులో డ్రోన్ ఎగరేయకండి, తేమ మోటార్లలోకి పోతుంది.

ఫ్లైట్ ఎక్కేవాళ్ళకి ఒక ముఖ్యమైన విషయం. ఎక్స్‌ట్రా లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంక్ చెక్-ఇన్ లగేజ్‌లో వేయకూడదు, క్యాబిన్‌లోనే తీసుకెళ్ళాలి. 100 వాట్ అవర్స్ లోపు వాటికి సాధారణంగా ప్రత్యేక అనుమతి అవసరం లేదు. 100 నుంచి 160 మధ్యవాటికి ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. లెక్క ఈజీ: ఎంఏహెచ్‌ని వెయ్యితో భాగించి వోల్టేజ్‌తో గుణించండి. మినీ 4 ప్రో మామూలు బ్యాటరీ దాదాపు 19, మావిక్ 3ది 77. రెండూ ఓకే. బ్యాటరీ కాంటాక్ట్స్ దేనికీ తగలకుండా విడివిడిగా కవర్లలో పెట్టండి. దేశీయ విమానాల్లో ఎకానమీ క్యాబిన్ బ్యాగ్ సాధారణంగా 7 కిలోలే. గేట్ దగ్గర "సార్, బ్యాగ్ కింద వేస్తాం" అంటే, ముందు బ్యాటరీలు బయటికి తీసి చేతిలో పెట్టుకోండి. అందుకే బ్యాటరీ పౌచ్ పైనే, వెంటనే చేతికి అందేలా ఉండాలి.

ఆఖరుగా, బరువు తగ్గించే బెస్ట్ ట్రిక్ చెప్తాను. ఎగరేయడానికి వీల్లేని చోటికి డ్రోన్ మోసుకెళ్ళకండి! 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపువి నానో కేటగిరీ. కానీ నానో అయినా రెడ్ జోన్ రెడ్ జోనే. తిరుమల కొండ మీద ఎగరేయకూడదు. నల్లమలలో ఆమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వుల్లో అటవీ శాఖ పర్మిషన్ లేకుండా కుదరదు. బయల్దేరే ముందు రోజే డిజిటల్ స్కై మ్యాప్ చూసుకోండి. అక్కడ కుదరదని తెలిస్తే డ్రోన్ ఇంట్లో వదిలేసి, ఆ బరువుకి ఇంకో బాటిల్ నీళ్ళు పెట్టుకోండి.

ఈ వారం కొత్త బ్యాగ్ కొనకండి. ముందు ఆ కాగితం మీద లిస్ట్ రాసి, ఇంట్లో ఉన్న పాత కాలేజ్ బ్యాగ్‌లోనే అన్నీ సర్ది, ఒక పొద్దున్న రెండు గంటలు నడిచి రండి. మీ బ్యాగ్‌కి ఏం కావాలో మీ భుజాలే చెప్తాయి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, జాగ్రత్తగా వెళ్ళి రండి.