పడక దగ్గర పది నిమిషాలు

రాత్రి తొమ్మిది గంటలకు మీ ఇల్లు ఎలా ఉంటుందో మాకు తెలుసు. మా ఇల్లూ అలాగే ఉంటుంది. అంట్లు తోమాలి, రేపటి బియ్యం ఏరాలి, పిల్లవాడి లెక్కలు పూర్తికాలేదు, కరెంటు పోయి దోమలు మొదలయ్యాయి. అప్పుడు "నాన్నా, కథ చెప్పవా" అని ఒక గొంతు. ఆ వేళలో ఆ పిలుపు మాకు ఆశీర్వాదంగా వినిపించిందంటే అబద్ధమాడినవాళ్ళమవుతాము.

రెండేళ్ళ క్రితం మేమిద్దరం వారానికి నాలుగు రాత్రులు గృహకూడికలకు వెళ్ళేవాళ్ళం. తిరిగి వచ్చేసరికి పది దాటేది. మా పిల్లవాడు నాయనమ్మ పక్కన కళ్ళు నులుముకుంటూ కూర్చుని ఉండేవాడు. "రేపు చెబుతాంలేరా, పడుకో" అనేవాళ్ళం. ఊరివారి పిల్లల తలల మీద చేతులుంచి ప్రార్థించి వచ్చిన మేమే ఆ మాట అనేవాళ్ళం. కొన్ని నెలలకు ఒక రాత్రి వచ్చి చూస్తే వాడు గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. నిద్రపోలేదు. "కథ కావాలా?" అని ఈసారి మేమే అడిగాము. "వద్దులే నాన్నా, మీరు అలిసిపోయారుగా" అన్నాడు. కోపంతో అన్న మాట కాదది. అందుకే ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. దేవుని మాటలు పిల్లలకు నేర్పడానికి మోషే అక్కడ చెప్పిన నాలుగు వేళల్లో పడుకొనే వేళ ఒకటి. ఆ నాలుగింటిలో ఒక్కటి కూడా ప్రత్యక్ష గుడారంలో గడిపే వేళ కాదు. అన్నీ ఇంట్లోవి, దారిలోవి. భక్తిగల యూదులు ఈనాటికీ నిద్రకు ముందు ఆ అధ్యాయంలోని మాటలు చెప్పుకుంటారు. బోధించే మేము ఆ వేళను "రేపటికి" వాయిదా వేశాము.

ఇంగ్లాండులో సుసన్నా వెస్లీ 19 మందిని కన్నది, బ్రతికి పెరిగినవారు 10 మంది. 1709లో వారి ఇల్లు కాలిపోయింది. ఆ తరువాతి సంవత్సరాల్లో ఆమె ఒక్కొక్క బిడ్డకు వారంలో ఒక్కొక్క సాయంకాలం కేటాయించింది. జాన్‌కు గురువారం, చార్లెస్‌కు శనివారం. జాన్ పెరిగి ఆక్స్‌ఫర్డులో అధ్యాపకుడయ్యాక కూడా ఆ గురువారపు సాయంకాలాన్ని గుర్తుచేస్తూ తల్లికి ఉత్తరం వ్రాశాడు. అయితే ఆమె ఇంట్లో పనివారు ఉండేవారన్నది కూడా చెప్పాలి. మన ఊళ్ళలో కూలికి వెళ్ళివచ్చే తల్లికి ఆ సహాయం లేదు.

మా సంఘంలో ఒక సహోదరి ఉన్నది. మిరప కోతల రోజుల్లో ఆమె చేతులు ఎంత కడిగినా మండుతూనే ఉంటాయి. ఆ చేయి తగిలితే బిడ్డ కళ్ళు మండుతాయి. అందుకని బిడ్డ తలను మోచేతి మీద పెట్టుకొని, అరచేతులు దూరంగా చాపి ప్రార్థన చేస్తుంది. రెండు మూడు మాటలే. ఆ తరువాత ఇద్దరూ అలాగే నిద్రపోతారట. ఆమె ఈ సంగతి సిగ్గుపడుతూ చెప్పింది, సరిగా ప్రార్థన చేయలేకపోతున్నానని. సిగ్గుపడవలసినది మేము.

ఏలీని చూడండి. ముసలివాడు, చూపు మందగించింది, పడుకొని ఉన్నాడు. బాలుడైన సమూయేలు నిద్ర పాడుచేస్తూ మాటిమాటికి వచ్చాడు. మొదటి రెండుసార్లు ఏలీకి ఏమీ అర్థం కాలేదు. అయినా కసిరి పంపలేదు. పిలిచినది దేవుడని మూడవసారి గ్రహించి, ఏమని జవాబు చెప్పాలో నేర్పి పంపాడు. స్వంత కుమారులను అదుపులో పెట్టలేకపోయిన మనిషే ఆ రాత్రి ఈ పని చేశాడు. మాకు ఇది గొప్ప ఆదరణ.

గృహకూడికలను నాలుగు నుండి రెండుకు తగ్గించాము. సంఘ పెద్దల్లో ఒకరిద్దరు నొచ్చుకున్నారు, ఇప్పటికీ అంటూనే ఉన్నారు. పిల్లవాడు వెంటనే మా దగ్గరకు రాలేదు. మొదట వాడి చెల్లెలు వచ్చింది, కొన్ని వారాలకు వాడు కూడా చాప దగ్గరకు లాక్కున్నాడు.

మొన్న ఒక రాత్రి ఆ సమూయేలు కథే చెబుతూ మధ్యలో నిద్రపోయాము. తెల్లవారి వాడే చెప్పాడు: "మూడోసారి పిలిచే దగ్గర ఆపేశారు నాన్నా. మిగతాది చెల్లికి నేను చెప్పాను. లైటు కూడా తీసేశాను."