చుక్కలో అయిదో వంతు

పిల్లికి తీపి రుచి తెలియదు. మిఠాయి ముక్క ముందు పెడితే నెయ్యి వాసనకు నాకుతుందేమో గాని, తీపి కోసం మాత్రం నాకదు. తీపిని గుర్తుపట్టే ఏర్పాటు పిల్లి నాలుకలో పనిచెయ్యదని 2005 లో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. అటువంటి జంతువుకు చక్కెర జబ్బు వస్తుందంటే మీరు నవ్వుతారు. కాని, పిల్లలూ, అది నిజంగానే వస్తుంది. వస్తే దానికి కూడా మనుషుల లాగే ఇన్సులిన్ సూదిమందు వెయ్యాలి. ఎంత వెయ్యాలన్నదే అసలు చిక్కు.

మొదట జబ్బు సంగతి చూద్దాం. తిన్న ఆహారంలో కొంత గ్లూకోజు అనే చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. రక్తం దాన్ని ఒళ్ళంతా తిప్పుతుంది. కాని ఆ చక్కెర కండలలోకి వెళ్ళాలంటే ఇన్సులిన్ కావాలి. కడుపులో క్లోమం అనే గ్రంథి ఒకటి ఉన్నది, ఇన్సులిన్ తయారుచేసేది అదే. ఒక వీధి ఊహించుకోండి. వీధి నిండా ధాన్యం బళ్ళు నిలబడి ఉన్నవి. ఇళ్ళ తలుపులు మాత్రం తెరిచేవారు లేరు. వీధిలో ధాన్యం కుప్పలు, ఇళ్ళలో ఆకలి! ఇన్సులిన్ చాలని ఒంటి పరిస్థితి ఇదే. అందుకే జబ్బు చేసిన పిల్లి ఎంత తిన్నా చిక్కిపోతుంది.

రక్తంలో మిగిలిపోయిన చక్కెర మూత్రంలోకి దిగుతుంది. దిగుతూ నీటిని కూడా వెంటపెట్టుకు పోతుంది. అందుచేత పిల్లి మాటిమాటికీ మూత్రం పోస్తుంది, గిన్నెడు నీళ్ళు తాగుతుంది. మన పూర్వులు ఈ జబ్బును మధుమేహం అన్నది మూత్రం తేనెలా తియ్యనవుతుందనే. కొన్ని పిల్లులు వెనక కాళ్ళ మడమలు నేలకు ఆనించి కుందేలు లాగా నడుస్తవి. ముఖ్యంగా నడివయస్సు దాటి, బాగా లావెక్కి, ఇంట్లోనే పడి ఉండే మగపిల్లులకు ఇది ఎక్కువ.

డాక్టరు ఒక్కసారి రక్తం చూసి తేల్చెయ్యడు. ఎందుకంటే పిల్లికి భయం వేస్తేనే చాలు, ఆరోగ్యమైన పిల్లికి కూడా రక్తంలో చక్కెర పెరుగుతుంది. బుట్టలో పెట్టి, బస్సులో కుదిపి, కుక్కలు మొరిగే ఆస్పత్రిలో కూర్చోబెడితే భయపడదూ? అందుకని మూత్రం కూడా చూస్తారు. గడిచిన రెండు వారాలలో చక్కెర ఎట్లా ఉన్నదో చెప్పే వేరొక రక్తపరీక్ష కూడా చేస్తారు.

ఇక మందు కథ. 1921 వేసవిలో కెనడా దేశంలో టొరాంటో నగరాన బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు కుక్కల క్లోమం నుంచి ఇన్సులిన్ తీయటానికి పూనుకున్నారు. 1922 జనవరి 11 న లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ కుర్రవాడికి ఆ మందు వేశారు. మందులో మలినాలు ఉండటంవల్ల అంతగా పనిచెయ్యలేదు. కాలిప్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దాన్ని శుద్ధిచేసి ఇచ్చాడు. జనవరి 23 న మళ్ళీ వేస్తే కుర్రవాడు తేరుకున్నాడు. తరవాత చాలా ఏళ్ళు పందుల నుంచీ ఆవుల నుంచీ తీసిన ఇన్సులినే లోకాన్ని బతికించింది. ఇన్సులిన్ అంటే 51 ఆమినో ఆమ్లాలు పూసల్లాగా గుచ్చిన దండ. ఆ పూసల వరసను సాంగర్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1955 నాటికి పూర్తిగా తేల్చాడు. పిల్లి దండకూ ఆవు దండకూ ఒక్క పూసే తేడా. పిల్లికీ మనిషికీ నాలుగు పూసల తేడా. అందుకే మనుషుల మందు పిల్లికి కూడా పనిచేస్తుంది.

ఇన్సులిన్‌ను తూకం వెయ్యరు, ‘యూనిట్ల’లో లెక్కపెడతారు. ఈ యూనిట్ ఎట్లా పుట్టిందో వింటే మీరు ఆశ్చర్యపోతారు. పస్తు పెట్టిన కుందేలు రక్తంలో చక్కెరను, దానికి మూర్ఛ వచ్చేటంత కిందికి దించే మందు ఎంతో, టొరాంటోలో మొదట దానినే ఒక యూనిట్ అన్నారు. తరవాత అందులో మూడో వంతును యూనిట్‌గా నిర్ణయించారు. అంటే యూనిట్ అనేది పుట్టినప్పుడే చిన్న జంతువుకు ప్రమాదకరమైన కొలత అన్నమాట! ఇరవై, ముప్ఫై యూనిట్లు వేసుకునే తాతగారికి ఒక యూనిట్ అటూ ఇటూ అయినా పెద్ద ముప్పు లేదు. నాలుగు కిలోల పిల్లికి డాక్టర్లు మొదట రాసేది సాధారణంగా పూటకు ఒక్క యూనిట్ మాత్రమే. పన్నెండు గంటల ఎడంతో రోజుకు రెండు పూటలు.

ఇప్పుడు పలక తీయండి, చిన్న లెక్క. ఒక మిల్లీలీటరులో 100 యూనిట్లు ఉండే మందు తీసుకుంటే, ఒక యూనిట్ అంటే మిల్లీలీటరులో నూరో వంతు. మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు అనుకుంటే, నూరో వంతు అంటే చుక్కలో అయిదో వంతు! పిల్లి ప్రాణం ఆ అయిదో వంతు మీద ఆధారపడి ఉన్నది.

మన దేశంలో ఇంకొక చిక్కు ఉన్నది. ఇక్కడి మందుల దుకాణాలలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, 100 యూనిట్ల ఇన్సులిన్ రెండూ దొరుకుతవి. సిరంజీలూ రెండు రకాలు. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత. పిల్లికి డాక్టరు తరచు మనుషులకు వాడే గ్లార్జిన్ అనే 100 రకం మందే రాస్తాడు. ఇంట్లో అమ్మమ్మగారి ఎర్ర మూత సిరంజీ ఉన్నది గదా అని దానితో మందు తీస్తే? ఆ సిరంజీలో ఒక యూనిట్ గీత అంటే మిల్లీలీటరులో నలభయ్యో వంతు. 100 మందులో నలభయ్యో వంతు ఎంత? రెండున్నర యూనిట్లు! గీత ‘ఒకటి’ అనే చూపిస్తుంది, పిల్లికి మాత్రం రెండున్నర రెట్లు పడుతుంది. మూత రంగు ఒక్కటే చూసి నమ్మవద్దు. సీసా మీద అంకే, సిరంజీ మీద అంకే ఒకటేనా అని చదివి చూడండి. అర యూనిట్ గీతలు ఉన్న చిన్న సిరంజీలు కూడా వస్తున్నవి, పిల్లికి అవే మేలు.

సూది వెయ్యటం పెద్దల పని. పిల్లలు చెయ్యదగిన పని వేరే ఉన్నది, అది తక్కువదేమీ కాదు. వేళ చూడటం, పిల్లి తిన్నదా లేదా చూడటం, పుస్తకంలో రాయటం. ముందు తిండి, తరవాత మందు. తినని పిల్లికి ఎప్పటి మోతాదూ వెయ్యగూడదు, డాక్టరును అడగాలి. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండింతలు వెయ్యగూడదు. పిల్లి విదిలించుకుని మందు సగం బొచ్చు మీద పడ్డదనుకోండి, ఎంత లోపలికి వెళ్ళిందో తెలియదు. అప్పుడు మళ్ళీ వెయ్యకుండా వచ్చే పూట దాకా ఆగటమే మంచిది. ఒక పూట చక్కెర ఎక్కువగా ఉంటే కొంపలు మునగవు. మరీ తక్కువయితే గంటలలో ప్రాణం పోవచ్చు.

మా అమ్మాయి ఇంట్లో లడ్డు అని ఒక గండుపిల్లి ఉన్నది. పేరు జబ్బుకు ముందు పెట్టినదే! తొమ్మిదేళ్ళు, అయిదు కిలోలు. నిరుడు దానికి మధుమేహమని తేలింది. పూటకు ఒక యూనిట్ రాశారు. మనుమరాలు ఏడో తరగతి. గళ్ళు గీసి పుస్తకం తయారుచేసింది. తేదీ, వేళ, తిండి, మందు, తాగిన నీళ్ళు, నడక. నాలుగో రోజు పొద్దున చెవి అంచున చిన్న సూదితో గుచ్చి, చుక్క రక్తం తీసి చూస్తే చక్కెర 372 ఉన్నది. మామూలుగా 120 లోపల ఉండవలసింది.

“తాతయ్యా, ఒక యూనిట్ వేస్తే ఇంత ఉన్నది. మూడు వేస్తే మూడు రెట్లు దిగుతుంది గదా? మరి ఎందుకు వెయ్యరు?” అని మనుమరాలు అడిగింది.

త్రైరాశికం బాగా వచ్చిన పిల్ల. నలుగురు కూలీలు ఒక గోడ కడితే పన్నెండుమంది మూడు గోడలు కడతారు, నిజమే. కాని ఒంట్లో త్రైరాశికం నడవదు. కొత్త మందుకు ఒళ్ళు అలవాటు పడటానికే అయిదారు రోజులు పడుతుంది. ఆలోగా మోతాదు మార్చవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పి ఉన్నారు.

ఎనిమిదో రోజు ఆదివారం. ఆయన చెప్పినట్టు ఆ రోజల్లా రెండేసి గంటలకొకసారి చూసి రాశారు. పొద్దున ఆరింటికి 358. ఎనిమిదింటికి 301. పదింటికి 214. పన్నెండింటికి 128! రెండింటికి 147. నాలుగింటికి 236. సాయంకాలం ఆరింటికి 340. మనుమరాలు గళ్ళకాగితం మీద చుక్కలు పెట్టి కలిపితే పెద్ద గిన్నె లాంటి గీత వచ్చింది. పొద్దునా సాయంత్రమూ మాత్రమే చూసేవారికి ఆ గిన్నె అడుగు కనపడదు. ఒక్క యూనిట్‌తోనే మధ్యాహ్నం 128 దాకా దిగుతున్న పిల్లికి మూడు వేసి ఉంటే ఏమయ్యేదో ఆ పిల్లే చెప్పింది, నేను చెప్పనక్కరలేకపోయింది. డాక్టరుగారు ఆ కాగితం చూసి, అదే మోతాదు ఇంకొన్నాళ్ళు సాగించమన్నారు. పెంచవలసి వస్తే అర యూనిట్, మహా అయితే ఒకటి చొప్పున పెంచుతారు. ప్రతిసారీ మళ్ళీ ఒక వారం ఆగి చూస్తారు.

మనుషుల కోసం చేసిన చక్కెర యంత్రం పిల్లి రక్తానికి ఉన్నదానికన్న తక్కువ అంకె చూపిస్తుంది. పిల్లులకు తగిన యంత్రం వేరే ఉన్నది. అది దొరకనప్పుడు ఏ యంత్రంతో చూశారో డాక్టరుకు చెప్పాలి, మధ్యలో యంత్రం మార్చగూడదు.

చక్కెర మరీ తగ్గితే పిల్లి ఎట్లా ఉంటుందో ఇంట్లో అందరూ తెలుసుకోవాలి. మొదట ఒక్కసారిగా ఆకలి, నీరసం. తరవాత తాగినవాడిలా తూలుతుంది, వణుకుతుంది, పిలిస్తే పలకదు. చివరకు మూర్ఛ. తినగలిగితే వెంటనే తిండి పెట్టాలి. తినలేకపోతే తేనె గాని, చిక్కటి పంచదార నీళ్ళు గాని వేలితో చిగుళ్ళకు రాయాలి. నోట్లో పొయ్యగూడదు, ఊపిరితిత్తులలోకి పోతుంది. మూర్ఛలో ఉన్నప్పుడు పళ్ళ మధ్య వేలు పెట్టవద్దు, కొరుకుతుంది. రాస్తూనే పశువుల ఆస్పత్రికి పరుగెత్తాలి. కాస్త తేరుకున్నా సరే డాక్టరు చూడవలసిందే, మందు పని ఇంకా గంటల తరబడి సాగుతుంది.

మన ఇళ్ళలో పిల్లికి పాలన్నం, పెరుగన్నం పెట్టటం అలవాటు. పిల్లి పుట్టుకతో మాంసం తినే జంతువు. ఈ జబ్బులో అన్నం తగ్గించి చేప, కోడిమాంసం వంటివి పెంచితే చక్కెర తగ్గుతుంది. కాని ఈ మార్పు కూడా డాక్టరును అడగకుండా చెయ్యవద్దు. అన్నం మానిపించి మందు మాత్రం పాత లెక్కనే వేస్తే, నిన్న సరిపోయిన మోతాదు ఇవాళ ఎక్కువయి కూర్చుంటుంది.

మనుషులలో అరుదుగా జరిగేది పిల్లులలో తరచు జరుగుతుంది. జబ్బును తొందరగా గుర్తించి, తిండి మార్చి, మందు సరిగా వేస్తే కొన్ని పిల్లులకు క్లోమం మళ్ళీ పనిలోకి వస్తుంది. అప్పుడు గిన్నె గీత కిందికి జారుతుంది, పొద్దుటి అంకెలు కూడా తగ్గుతవి. డాక్టరు మోతాదును అరకు, ఆ తరవాత ఇంకా తక్కువకు దించి, చివరకు ఆపేస్తాడు. మనుమరాలి పుస్తకంలో ఈ నెల లడ్డు పొద్దుటి అంకెలు 210, 196, 188 ఉన్నవి. మోతాదు అర యూనిట్‌కు దిగింది. ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండింటి గడిని ఎర్రసిరాతో రాస్తున్నది.